రూపోల్డింగ్ బయాథ్లాన్ వరల్డ్ కప్ టికెట్ కొనొచ్చా?

మ్యూనిక్‌లో ఉండే మనవాళ్ళు నవంబర్ వచ్చిందంటే అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ చలిలో ఇంట్లో ముడుచుకుని కూర్చోకుండా ఎక్కడికి పోవచ్చు? స్కీయింగ్ నేర్చుకుందామంటే ఖర్చు, పైగా మోకాళ్ళ భయం. క్రిస్మస్ మార్కెట్లు రెండు చూస్తే అన్నీ చూసినట్టే. నేనైతే జనవరిలో రూపోల్డింగ్‌లో జరిగే బయాథ్లాన్ వరల్డ్ కప్‌కి వెళ్ళమంటాను. కానీ ఏ టికెట్, ఏ రోజు, అక్కడ ఏం చూడాలి అన్నది తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే మంచులో నాలుగు గంటలు నిలబడి కాళ్ళు గడ్డకట్టించుకోవడానికి డబ్బులిచ్చినట్టు అవుతుంది. 2025 జనవరిలో మేం వెళ్ళొచ్చాం, ఆ సీజన్ మిగతాదంతా టీవీలో చూశాను, ఆ రెండూ కలిపి రాస్తున్న రివ్యూ ఇది.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. భుజాన కనీసం మూడున్నర కిలోల రైఫిల్ తగిలించుకుని మంచు మీద స్కీలతో పరిగెత్తాలి, మధ్యలో ఆగి 50 మీటర్ల దూరంలో ఉన్న ఐదు టార్గెట్లు కొట్టాలి, ఒకసారి పడుకుని, ఒకసారి నిలబడి. పడుకున్నప్పుడు టార్గెట్ సైజు 45 మిల్లీమీటర్లు, నిలబడితే 115. చాలా రేసుల్లో ఒకటి తప్పితే 150 మీటర్ల పెనాల్టీ లూప్ ఒక చుట్టు అదనంగా తిరగాలి, అంటే ఇరవై పైచిలుకు సెకన్లు పోయినట్టే. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 50 మీటర్ల ప్రోన్‌లో కాల్చేవాడు కదా, అక్కడ పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే, దానితో పోలిస్తే ఇది చాలా పెద్ద టార్గెట్ అనిపిస్తుంది. కాకపోతే వీళ్ళు గుండె నిమిషానికి 150 సార్లకు పైగా కొట్టుకుంటుండగా, చేతులు వణికే చలిలో, పక్క లేన్‌లో ఇంకొకడు టపటపా కొట్టేస్తుంటే ఆ టెన్షన్‌లో కాల్చాలి. మ్యాట్ మీదికి వచ్చి, ఐదు కొట్టి, మళ్ళీ బయల్దేరడానికి బాగా కాల్చేవాళ్ళకి అరనిమిషం కూడా పట్టదు.

వెళ్ళడం తేలికే. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ వైపు వెళ్ళే రైలెక్కి ట్రౌన్‌స్టైన్‌లో దిగి, అక్కణ్ణుంచి చిన్న రైల్లో రూపోల్డింగ్. స్టేడియం, దాని పేరు కీమ్‌గౌ అరీనా, ఊళ్ళో ఉండదు, లోయ లోపలికి కొన్ని కిలోమీటర్లు పోవాలి, దానికి షటిల్ బస్సులు తిప్పుతారు. పొద్దున బస్సులు బాగానే ఉంటాయి. రేస్ అయిపోయాక మాత్రం వేలమంది ఒక్కసారే బయటికొస్తారు, ఆ క్యూ చూసి కారులో వచ్చినవాళ్ళని అసూయపడక్కర్లేదు, వాళ్ళదీ అదే గతి.

ఇక టికెట్. రెండు రకాలు: రేంజ్ ఎదురుగా ఉండే గ్యాలరీ, ట్రాక్ పక్కన నిలబడేది. ట్రాక్ టికెట్ చవక, మనుషుల్ని దగ్గరగా చూడొచ్చు, వాళ్ళ ఊపిరి ఆవిరి కూడా కనిపిస్తుంది. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళు గ్యాలరీయే తీసుకోండి, అందులోనూ రిలే రోజుకి. ఎందుకంటే స్ప్రింట్, ఇండివిడ్యువల్ లాంటి రేసుల్లో ఒక్కొక్కరూ అరనిమిషం తేడాతో బయల్దేరతారు, ఎవరు ముందున్నారో స్టేడియంలో నిలబడితే బుర్రకెక్కదు, పెద్ద స్క్రీన్ చూస్తూ లెక్కలేసుకోవడమే. అంతకంటే ఇంట్లో హీటర్ పక్కన కూర్చుని ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ ఛానెళ్ళలో చూడటం నయం. రిలేలో అలా కాదు, అందరూ ఒకేసారి మొదలుపెడతారు, ముందు వచ్చినవాడే ముందు. నల్ల టార్గెట్ మీద గుండు తగలగానే తెల్లబడుతుంది, కళ్ళజోడు తుడుచుకుంటే చాలు అన్నీ కనిపిస్తాయి. పైగా ఈ ఆటలో ఏ దేశం నిజంగా బలమైనదో ఆ రోజే తెలుస్తుంది. నా దృష్టిలో టికెట్ డబ్బులు పెట్టేది దాని కోసమే.

గ్యాలరీలో కూర్చున్నాక అందరూ షూటర్లనే చూస్తారు, మీరు కాసేపు వాళ్ళ వెనక నిలబడ్డ కోచ్‌ల్ని చూడండి. ఒక్కో దేశానికి ఒక్కో స్కోప్, అంటే దుర్భిణి. ప్రతి గుండూ ఎక్కడ తగిలిందో చూసి, గాలి జెండాలు చూసి, రైఫిల్ మీద గురిచూసే సైటు ఎటు ఎన్ని క్లిక్‌లు తిప్పాలో తమ షూటర్‌కి అరిచి చెబుతుంటారు. నార్వే స్కోప్ వెనక ఏళ్ళ తరబడి నిలబడ్డ షూటింగ్ కోచ్ సీగ్‌ఫ్రీడ్ మజే ఫ్రాన్స్ దేశస్థుడు. ఒకప్పుడు మార్టిన్ ఫూర్కాద్‌కి షూటింగ్ నేర్పినవాడు, 2016లో నార్వేకి మారాడు. ఏడేళ్ళు వరసగా ఓవరాల్ కప్ (సీజన్ మొత్తం పాయింట్లలో మొదటివాళ్ళకిచ్చేది) కొట్టిన ఫూర్కాద్ వెనకున్న మనిషిని అవతలి దేశం తీసుకుపోయిందంటే చూడండి, పోటీ ట్రాక్ మీద మాత్రమే ఉండదు. ఇంకో ఉదాహరణ ఇదే ఊరిది. రూపోల్డింగ్‌కి చెందిన వోల్ఫ్‌గాంగ్ పిఖ్లర్ స్వీడన్ కోచ్‌గా వెళ్ళి మగ్దలేనా ఫోర్స్‌బెర్గ్‌ని తయారుచేశాడు, మధ్యలో రష్యాకి పోయి, మళ్ళీ స్వీడన్‌కి వచ్చి 2018 ఒలింపిక్స్‌లో హన్నా ఓబెర్గ్‌కి ఇండివిడ్యువల్ గోల్డ్, మగవాళ్ళకి రిలే గోల్డ్ వచ్చేదాకా నిలబడ్డాడు. జర్మన్ గ్యాలరీలో కూర్చుని స్వీడన్ జట్టుకి చప్పట్లు పడుతుంటే దానికో కారణం ఉందన్నమాట.

నార్వే మగవాళ్ళ జట్టు గురించి చెప్పాలంటే ఒక్క ముక్క చాలు: 2023-24 సీజన్ ఓవరాల్ పట్టికలో మొదటి ఐదు స్థానాలూ వాళ్ళవే. యోహానెస్ థింగ్నెస్ బో, వాళ్ళన్న తార్యై, డాలె, లేగ్రైడ్, క్రిస్టియాన్సెన్. ఆరో స్థానం నుంచి ప్రపంచం మొదలు. అందుకే 2025 జనవరిలో ఇదే రూపోల్డింగ్‌లో యోహానెస్ బో ఈ సీజన్‌తో ఆపేస్తానని ఏడుస్తూ చెప్పినప్పుడు, నార్వే పని అయిపోయిందన్న మాటలు నాకు నవ్వు తెప్పించాయి. ఐదు ఒలింపిక్ గోల్డ్‌లు, ఐదు ఓవరాల్ కప్‌లు ఉన్నవాడు పోతే లోటు ఉంటుంది, కాదనను. కానీ ఆ ఏడాది ఓవరాల్ గెలిచింది ఎవరు? లేగ్రైడ్. ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని లెంజర్‌హైడెలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మాస్ స్టార్ట్ (అందరూ ఒకేసారి బయల్దేరే రేసు) గెలిచింది ఎవరు? ఎండ్రె స్ట్రోమ్స్‌హైమ్. ఇతను 1997లో పుట్టాడు, ఇంకో దేశంలో పుట్టుంటే ఎప్పుడో మెయిన్ జట్టులో ఉండేవాడు, నార్వేలో పుట్టినందుకు ఐబీయూ కప్ అనే రెండో అంచె పోటీల్లో గెలుస్తూ తన వంతు కోసం చూడాల్సి వచ్చింది. 2021లో మన క్రికెట్ మెయిన్ జట్టు ఇంగ్లండ్‌లో ఉండగా ధావన్ కెప్టెన్సీలో ఇంకో జట్టుని శ్రీలంక పంపారు గుర్తుందా, నార్వే ఏటా ఐబీయూ కప్‌కి అలాంటి జట్టునే పంపిస్తుంది.

దీనికో చిక్కు ఉంది, టీవీలో ఎవరూ సరిగ్గా చెప్పరు. వరల్డ్ కప్ రేసులో ఒక్కో దేశం ఎంతమందిని దింపొచ్చన్నది కిందటి ఏడాది నేషన్స్ కప్ (దేశాల పాయింట్ల పట్టిక) ర్యాంకుని బట్టి ఉంటుంది, ఒలింపిక్స్‌లో అయితే ఎంత గొప్ప దేశమైనా ఒక్కో రేసుకి నలుగురే. అంటే నార్వేలో ఎనిమిదో స్థానంలో ఉన్న కుర్రాడు ఇంకో దేశపు నంబర్ వన్ కంటే మెరుగైనవాడు కావచ్చు, అయినా ఇంట్లో కూర్చుని టీవీ చూడాలి. చిన్న దేశంలో పుట్టినవాడికి చోటు దొరుకుతుంది, కానీ స్కీలకి వ్యాక్స్ వేసే మంచి టీమ్ ఉండదు, మంచి కోచ్ దొరకడు.

ఈ గొడవలో నాకు భలే నచ్చిన కథ క్యాంప్‌బెల్ రైట్‌ది. న్యూజిలాండ్‌లో పుట్టి పెరిగాడు, అమ్మానాన్నలు అమెరికన్లు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్ తరఫునే దిగాడు. ఒంటరిగా ఎంతకాలం ఈదుతాడు? 2023లో అమెరికా జట్టులోకి మారాడు. 2025 లెంజర్‌హైడెలో స్ప్రింట్‌లో సిల్వర్, పర్స్యూట్‌లో (స్ప్రింట్‌లో వచ్చిన తేడాలతో ఒకరి వెనక ఒకరు బయల్దేరే రేసు) మళ్ళీ సిల్వర్, రెండింట్లోనూ అతని ముందున్నది ఒక్క యోహానెస్ బో. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. ఒక్క కుర్రాడితో అమెరికా బలమైన జట్టు అయిపోదు, రిలేకి నలుగురు కావాలి. కానీ మంచి జట్టు దొరికితే ఒక మనిషి ఎంత ఎదుగుతాడో తెలియాలంటే ఇతన్ని చూడండి.

ఆడవాళ్ళ వైపు సంగతి వేరు, అక్కడ నార్వే మాట చెల్లదు, ఫ్రాన్స్ రాజ్యం. 2024లో చెక్ రిపబ్లిక్‌లోని నోవె మ్యెస్తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్ప్రింట్‌లో మొదటి నాలుగు స్థానాలూ ఫ్రాన్స్‌వే: జూలియా సిమోన్, జస్టీన్ బ్రెజాజ్ బూషే, లూ జాన్‌మొనో, సోఫీ షోవో. నాలుగో అమ్మాయి పాపం, సొంత జట్టు వల్లే ఆ రేసులో మెడల్ పోగొట్టుకుంది. మరుసటి ఏడాది లెంజర్‌హైడెలో నాలుగు రిలేల్లో మూడు ఫ్రాన్స్ గెలిస్తే, మగవాళ్ళ రిలే ఒక్కటే నార్వేకి మిగిలింది. వెనకొచ్చేవాళ్ళూ తక్కువ కాదు. ఓసెయాన్ మిషెలాన్ 2002లో పుట్టింది, లెంజర్‌హైడె మాస్ స్టార్ట్‌లో సిల్వర్ కొట్టేసింది. అదే వయసు జాన్ రిషార్ ఆమె పక్కనే. మగవాళ్ళలో 2001లో పుట్టిన ఎరిక్ పెరో అప్పుడే ఇండివిడ్యువల్ ప్రపంచ ఛాంపియన్. నా లెక్కలో రాబోయే నాలుగైదేళ్ళు ఆడా మగా కలిపి చూస్తే ఫ్రాన్సే ముందుంటుంది. నార్వే అభిమానులు తిట్టుకుంటే తిట్టుకోండి. వాళ్ళకి మారెన్ కిర్కెఐడె ఉంది, 2003లో పుట్టింది, మిషెలాన్ సిల్వర్ కొట్టిన ఆ రేసులోనే బ్రాంజ్ తెచ్చుకుంది, అయితే ఆమె చుట్టూ ఫ్రాన్స్‌లో ఉన్నంతమంది లేరు.

జర్మనీ గురించి చెప్పకపోతే గ్యాలరీలో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒప్పుకోడు. జర్మన్ షూటర్ మ్యాట్ మీద పడుకోగానే స్టేడియం మొత్తం గప్‌చుప్, ఒక్కో గుండు తగిలినప్పుడల్లా వేల గొంతులు ఒక్కసారి "హే!" అంటాయి, ఐదుసార్లు వరసగా "హే" వినపడితే ఒళ్ళు పులకరిస్తుంది, ఒకటి తప్పితే మాత్రం అందరూ కలిసి నిట్టూరుస్తారు. ఈ ఒక్క అనుభవం టీవీలో రాదు. అందులోనూ ఆ ఏడాది వాళ్ళకి చూసుకోవడానికి ఫ్రాన్సిస్కా ప్రోయ్స్ ఉంది, ఈ చుట్టుపక్కల వాసర్‌బుర్గ్‌లో పుట్టిన మనిషే. ఏళ్ళ తరబడి అనారోగ్యాలతో సీజన్లు పోగొట్టుకుని, 31 ఏళ్ళకి మార్చిలో ఓస్లోలో ఓవరాల్ కప్ గెలిచింది, అదీ ఆఖరి రేసు ఆఖరి ల్యాప్‌లో, జాన్‌మొనో పడిపోతే. 2017లో లారా డాల్‌మైయర్ తర్వాత మళ్ళీ ఒక జర్మన్ అమ్మాయి గెలవడం అదే. (డాల్‌మైయర్ ఆ జులైలోనే పాకిస్తాన్ కొండల్లో పర్వతారోహణలో చనిపోయింది. 25 ఏళ్ళకే ఆట మానేసి కొండలే జీవితం అనుకున్న మనిషి.)

ప్రోయ్స్ తర్వాత ఎవరు అంటే, మిట్టెన్‌వాల్డ్ అమ్మాయి సెలీనా గ్రోటియన్, 2004లో పుట్టింది, 2024 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని లె గ్రాఁ బోర్నాఁలో మాస్ స్టార్ట్ గెలిచింది. ఇంకొకరు యూలియా టాన్‌హైమర్, 19 ఏళ్ళకే వరల్డ్ కప్‌లోకి వచ్చేసింది, స్కీయింగ్‌లో అప్పుడే పెద్దవాళ్ళతో సమానం, నిలబడి కాల్చేటప్పుడు కాస్త తొందరెక్కువ. ఆడవాళ్ళ వైపు దిగులు లేదు. మగవాళ్ళలో బెనెడిక్ట్ డోల్ 2024లో తప్పుకున్నాక గెలిచే మనిషి కరువయ్యాడు, లెంజర్‌హైడెలో రిలే బ్రాంజ్ తెచ్చుకున్నారు గానీ నార్వే, ఫ్రాన్స్‌ల పక్కన పెట్టే జట్టు కాదు. అదేంటో మరి, డబ్బు తక్కువా కాదు, జనం తక్కువా కాదు. జర్మన్ బయాథ్లీట్లలో చాలామంది సైన్యంలోనో కస్టమ్స్‌లోనో జీతం తీసుకునే ఉద్యోగులు, మన రైల్వే స్పోర్ట్స్ కోటా లాంటిదే. ఇటలీలోనూ అదే పద్ధతి, కారబినియెరి అనే సైనిక పోలీసు, ఆర్థిక పోలీసు జట్లు. కాకపోతే ఇటలీకి దాంతో లాభం కనిపిస్తోంది: తొమ్మాసో జాకొమెల్ 2000లో పుట్టాడు, లెంజర్‌హైడె ఇండివిడ్యువల్‌లో పెరో వెనకే సిల్వర్.

రిలేలో చిన్న దేశాల్ని చూడటం కొంచెం బాధగానే ఉంటుంది. నలుగురిలో ఒక్కరు బలహీనంగా ఉన్నా చాలు, ముందున్న జట్టు ఒక చుట్టు ఎక్కువ తిరిగి వెనకనుంచి వచ్చి దాటేస్తే నిబంధన ప్రకారం రేసు ఆపేసి పక్కకి తప్పుకోవాలి. ఇలా తప్పుకుంటున్న జట్టుకి కూడా రూపోల్డింగ్ జనం లేచి చప్పట్లు కొడతారు, ఆ మర్యాద నాకు నచ్చింది. రిలేలో మాత్రమే ఒక్కొక్కరికి ఒక్కో షూటింగ్‌కి మూడు అదనపు గుళ్ళు ఇస్తారు, అవి చేత్తో ఒక్కొక్కటీ పెట్టుకోవాలి, చలికి వేళ్ళు మొద్దుబారి గుండు మంచులో పడిపోతే అక్కడే సెకన్లు కారిపోతాయి. బలమైన జట్లకి, మిగతావాళ్ళకి తేడా ఎక్కువగా ఇక్కడే కనిపించింది నాకు.

ఫోన్‌లో ఐబీయూ (అంతర్జాతీయ బయాథ్లాన్ సంఘం) వాళ్ళ ఫ్రీ యాప్ వేసుకుని వెళ్ళండి. కొత్త కుర్రాళ్ళలో ఎవరికి దమ్ముందో మెడల్స్ చూస్తే తెలియదు, ఫలితాల్లో కోర్సు టైమ్ అని, రేంజ్ టైమ్ అని విడివిడిగా ఇస్తారు, అవి చూడాలి. కోర్సు టైమ్‌లో మొదటి పదిలో ఉండి, రెండు మూడు తప్పడం వల్ల ముప్పయ్యో స్థానంలో ఉన్న ఇరవై ఏళ్ళ పిల్లని చూస్తే, రెండేళ్ళ తర్వాత ఆమె ఎక్కడుంటుందో ఊహించొచ్చు. షూటింగ్ నేర్పొచ్చు, జర్మనీ డెనిజ్ హెర్మన్ విక్ మామూలు క్రాస్ కంట్రీ స్కీయింగ్ నుంచి 2016లో ఇటొచ్చి, తుపాకీ పట్టడం నేర్చుకుని 2022లో ఒలింపిక్ గోల్డ్ కొట్టింది. అందరికీ అలా కుదరదు, స్లోవేనియా అనమరియా లాంపిచ్ అందరికంటే వేగంగా పరిగెత్తి పెనాల్టీ లూప్‌లో తిరుగుతూ ఉంటుంది, చూస్తుంటే మనకే ఉసూరుమంటుంది. ఒక్క ఇబ్బంది, స్టేడియం నిండితే నెట్ సరిగ్గా రాదు, స్టార్ట్ లిస్ట్ ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తిండి గురించి. మాంసం తినేవాళ్ళకి లోటు లేదు. శాకాహారులు చీజ్ వేసిన ష్పెట్స్‌లే (నూడుల్స్ లాంటిది), బ్రెట్సెల్ (ముడి వేసిన రొట్టె), వెనిల్లా సాస్‌తో గెర్మ్‌క్నోడెల్ (ఆవిరి మీద ఉడికించిన తీపి ఉండ)తో సరిపెట్టుకోవాలి. ఒక స్టాల్‌లో మా ఫ్రెండ్ వాళ్ళావిడ మాంసం ఉందా అని రెండుసార్లు అడిగి మరీ తీసుకున్న బఠాణీ సూప్‌లో బేకన్ ముక్కలు తేలాయి, వెనక్కిస్తే "అది రుచి కోసమే" అన్నాడు ఆ కుర్రాడు. డబ్బులు తిరిగివ్వలేదు. ఇంటినుంచి పులిహోర డబ్బా తెచ్చుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు, కాకపోతే సంచుల సైజు మీద, గాజు సీసాల మీద గేటు దగ్గర ఆంక్షలు ఉంటాయి, ఆ ఏడాది నియమాలు చూసుకోండి. వేడి వైన్ మగ్గుకి డిపాజిట్ కట్టించుకుంటారు, మగ్గు తిరిగిస్తే ఇచ్చేస్తారు. టాయిలెట్లు శుభ్రం, షూటింగ్ మధ్య విరామంలో మాత్రం వెళ్ళకండి. బూట్లలో రెండు జతల సాక్సు, కింద పరుచుకోవడానికి ఒక ఫోమ్ ముక్క, ఇవి లేకుండా గ్యాలరీ టికెట్ వేస్ట్. లోయలో సూర్యుడు తొందరగా కొండ చాటుకి పోతాడు, అది పోగానే చలి ఒక్కసారి పెరుగుతుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను, తిండికీ తిరుగు బస్సుకీ ఒకటి కోత.

చిన్న పిల్లలున్నవాళ్ళకి, లేదా రూపోల్డింగ్ టికెట్ దొరకనివాళ్ళకి ఇంకో దారి ఉంది. బవేరియా అడవుల్లో చెక్ సరిహద్దు దగ్గర గ్రోసర్ ఆర్బర్ అని కొండ ఉంది, అక్కడ ఐబీయూ కప్ పోటీలు పెడుతుంటారు, 2022లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ కూడా అక్కడే జరిగింది. జనం చాలా తక్కువ, తాడు పక్కనే నిలబడొచ్చు, పిల్లలకి భుజాలెక్కాల్సిన పని లేదు. "హే" అని అరిచే వేలమంది ఉండరు, ఆ సందడి కోసమే వెళ్ళేవాళ్ళు అటు పోవద్దు. నాలాగా తర్వాత ఎవరొస్తారన్న కుతూహలం ఉంటే మాత్రం అదే అసలు చోటు. స్టార్ట్ లిస్ట్‌లో నార్వే, ఫ్రాన్స్ పేర్లకి గుర్తు పెట్టుకుని, కోర్సు టైమ్ మొదటి ఐదుగురిని రాసుకోండి. మా ఇంట్లో ఈసారి దానికే ఓటు పడింది, కారులో చోటుంది, రావాలనుకున్నవాళ్ళు డిసెంబర్ లోపల చెప్పండి.